ఎడమ పిడి కప్పులు

ఆ ఎండాకాలం మా ఇల్లంతా చాయ్ వాసనే. తాగుదామంటే మాత్రం గుక్కెడు దొరికేది కాదు. పొద్దున లేస్తూనే పెద్ద గిన్నెలో ఆకు వేసి మరిగించేదాన్ని. చల్లారాక వడగట్టి, అందులో మెత్తటి గుడ్డ ముంచి తెల్లటి కార్డు షీట్లకు పూసి, దండెం మీద ఆరేసేదాన్ని. ఆరేసరికి అవి ఏ తాతల కాలంలోనో పెట్టెలో పెట్టి మరచిపోయిన కాగితాల్లా గోధుమరంగుకు తిరిగేవి. వాటి మీద గులాబీలు అచ్చు వేసి, ఆకారం కోసి, మడిచి, పాతకాలపు టీ కప్పులు చేయాలి. కాగితం కప్పులు. చాయ్ పోసుకోవడానికి కాదు, చూసుకోవడానికి.

"కొత్త కాయితం కొనుక్కొచ్చి పాతది చేసుడేందే పిల్లా? వాళ్ళకు పాతదే దొరకలేదా?" అనేది మా అత్త లచ్చవ్వ, దండెం కింద వంగి నడుస్తూ. నెత్తికి తగిలిన ప్రతి షీటునూ తిట్టేది.

మాది అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు. ముందుగది షాపు, వెనక రెండు గదులు ఇల్లు, పైన సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునే పిల్లల హాస్టల్. రెండువేల ఆరు అది. సందు ఈ చివర నుంచి ఆ చివరదాకా జావా, ఒరాకిల్, డాట్‌నెట్ బోర్డులే. వాటి నడుమ 'కమలాకర్ పంచింగ్ వర్క్స్' అని మా బోర్డు ఒకటి ఉందని చూపిస్తే గానీ ఎవరికీ కనబడేది కాదు. పెళ్ళికార్డులు, మిఠాయి డబ్బాలు, చొక్కాల డబ్బాలు కోసి ఇచ్చేవాళ్ళం. ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారంలో ఉక్కు బ్లేడ్లను చెక్కలో బిగిస్తారు. దాన్ని డై అంటారు. డైని మిషన్‌కు తగిలించి, కాగితం పెడితే, మిషన్ నోరు మూస్తుంది. కాగితం తెగుతుంది. కాగితమే తెగుతుందని పూచీ ఏమీ లేదు. అంతకుముందు చలికాలంలో ఇరుక్కున్న షీటును లాగబోయిన మా ఆయన కుడిచెయ్యి ఆ నోట్లో పడింది. బొటనవేలు ఒక్కటి మిగిలింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ఆ చేతికి దస్తీ గుడ్డ చుట్టుకుని వెనక గదిలో కూర్చున్నాడు. షట్టర్ సగానికి దించేశాం. ఎడమచేత్తో అన్నం తినడం తల్లి కంట పడకుండా తలుపు దగ్గరికి వేసుకునేవాడు. చాయ్ మాత్రం దాచుకోకుండా తాగేవాడు. నేనే కప్పు పిడి ఎడమవైపుకు తిప్పి ఇచ్చేదాన్ని. అలా తిప్పడం ఎప్పుడు అలవాటైందో కూడా నాకు గుర్తులేదు.

"నా కొడుకు చెయ్యి తిన్నదానికి ఇంట్ల జాగేంది? ఎవలన్న అడిగితే ఇచ్చెయ్. సిరిసిల్లకు పోదాం" అనేది అత్త రోజుకోసారి. ఆయన ఊ అనేవాడు కాదు, ఊహూ అనేవాడు కాదు. నాకు అదే భయం. చెయ్యి పోయింది, సరే. మిషన్ కూడా పోతే ఆ గదిలోంచి ఆయన లేవడని నాకు గట్టిగా అనిపించేది. లేపాలి, అంతే. ఎలా లేపాలో తెలియక ఇంటిపనంతా చప్పుడు చేస్తూ చేసేదాన్ని.

ఉగాది వెళ్ళిన వారానికి రత్నమాలగారు వచ్చారు. కోస్తావాళ్ళు, పంజాగుట్టలో సొంత ఇల్లు. గృహప్రవేశం కార్డులు మా దగ్గరే చేయించుకున్నారు. వెంట కూతురు హైందవి, మెడలో మాదాపూర్ కంపెనీ కార్డు పట్టీ ఇంకా తీయనే లేదు.

"మేమిద్దరం పరిచయమైందే ఆఫీసులో టీ మిషన్ దగ్గర ఆంటీ. అందుకని నా శుభలేఖ టీ కప్పులాగా ఉండాలి" అంటూ ఫోటో ఒకటి ఇచ్చింది. వాళ్ళ అమ్మమ్మగారింటి పింగాణీ కప్పట. లేత గులాబీలు, అంచుకు బంగారు గీత, కింద పూరేకుల్లాంటి సాసరు. "కప్పు మీద హైందవి, కేదార్ అని మా పేర్లు. లోపల చుట్టిపెట్టిన శుభలేఖ. కొత్తగా కనిపించకూడదు."

"ఎక్కడ చూపించినా మావల్ల కాదంటున్నారమ్మా" అన్నారు రత్నమాలగారు. తర్వాత గొంతు తగ్గించి, "కమలాకర్ గారికి ఇప్పుడెలా ఉంది? చేయగలరా మరి?" అని అడిగారు.

పరదా వెనక మంచం కిర్రుమని ఆగిపోయింది. నాకు తొందరెక్కువ. ముందు మాట ఇచ్చేసి తర్వాత ఊపిరి పీల్చుకునే రకం.

"చేస్తమండీ. ఆయనే గీస్తడు" అన్నాను.

వాళ్ళు సందు దాటారో లేదో పరదా పక్కకు జరిగింది. "ఎవలు గీస్తరు? నీ అయ్యనా?"

"మా అయ్యకు బీడీ ముట్టిచ్చుడు తప్ప ఏం రాదు. నువ్వే గీయాలె."

"ఏ చేత్తోని?"

"ఉన్నదాంతోని."

కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను, మనిషి కదిలినట్టు ఉంటుందని. ఫోటో లాక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

మొదట గీసినవి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కప్పు కాదు కదా, నలిగిన చెంబులా కూడా లేదు. చించి పారేసేవాడు. నేను ఊడ్చేదాన్ని. ఊడుస్తూ ఒక్క ముక్క కూడా చూడనట్టు ముఖం పెట్టేదాన్ని. కొన్నాళ్ళకు గీత నిలబడింది. ఆ తర్వాత వంపు వచ్చింది. ఒకరోజు పొద్దున, గిన్నెలో చాయాకు వేస్తుంటే వెనక నుంచి వచ్చి, కత్తిరించి మడిచిన కప్పును బండ మీద పెట్టాడు. తెల్ల కాగితంతో చేసింది. దానికి పిడి ఉంది, అంచు ఉంది, సాసరు కూడా ఉంది.

"ఓయమ్మో" అన్నాను. నిజంగానే నోట్లోంచి అదే వచ్చింది.

"పిడి కాడ జర గట్టి కాయితం పెట్టాలె. లేకుంటే కుంగుతది" అన్నాడు. అంత పెద్ద మాట ఆయన నోటి నుంచి వచ్చి ఎన్ని నెలలైందో!

ఆ గీతను తీసుకుని డై చేసే రాజనర్సయ్య దగ్గరికి తనే వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను, ఏదో కొనాలన్న వంకతో. రాజనర్సయ్య కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. విప్పి పరిస్తే కప్పు విసనకర్రలా ఉంటుంది, అందులో పిడి దూర్చే సందులు రెండు సన్నటి గీతలు.

"గీత మస్తు వచ్చిందే కమలాకరన్నా. ఎడమచేత్తో గీసినవంటే ఎవ్వలు నమ్ముతరు?" అన్నాడు.

ఆయన నవ్వాడు. నేను ఆ నవ్వును ఇంటిదాకా మోసుకొచ్చాను.

ఇక మిషన్. ఒంటిచేత్తో కాగితం పెట్టడం, లివర్ లాగడం రెండూ కావు. కాగితం నేను పెడతానన్నాను. అత్త గుమ్మంలో కూలబడిపోయి, "ఒక్క చెయ్యి చాలలేదా దానికి, నీది సుత పెడతవా?" అని ఏడుపందుకుంది. ఆయన లివర్ మీద ఎడమచెయ్యి వేశాడు. తర్వాత నాతో, "నేను అడుగుత. నువ్వు జవాబు చెప్పినంకనే లివర్ లాగుత. తల ఊపితే నడవది. నోటితోని చెప్పాలె" అన్నాడు.

నేను షీటు పెట్టాను. నా వేళ్ళు ఆ ఇనుప నోట్లో ఉన్నాయి.

"తీసినవా?"

"తీసిన."

మిషన్ నోరు మూసింది. కప్పు తెగింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వినబడిన మాట అదే. తీసినవా, తీసిన. తీసినవా, తీసిన. పైన హాస్టల్ పిల్లలు మెట్లు దిగుతూ ఆ మాటలనే వెక్కిరించేవాళ్ళు. ఒకసారి నేను తుమ్మొచ్చి జవాబు చెప్పకపోతే, ఆయన లివర్ వదిలేసి నా చేతిని తన ఎడమచేత్తో పట్టుకుని వేళ్ళన్నీ తడిమి చూశాడు. వేళ్ళు చూశాక కూడా వెంటనే వదల్లేదు. గుమ్మంలో మిషన్‌కు వీపు పెట్టి కూర్చున్న అత్త పెదవులు కూడా మాతోపాటే కదిలేవి. దేవుణ్ణి తలుచుకుంటుందేమో అనుకున్నాను. దగ్గరికెళ్ళి వింటే, "తీసింది, తీసింది" అని తనలో తను అనుకుంటోంది.

గులాబీల అచ్చు నా పని. రబ్బరు ముద్రను వెలిసిన ఎరుపులో అద్ది, ఒకసారి తుడిచి, అప్పుడు వేస్తే పాతపడిన పువ్వులా పడుతుంది. పేర్లు బంగారు రేకుతో వేడిగా వత్తాలి. మడిచి నిలబెడితే షాపు గది నిండా కప్పులు. మే నెల ఎండ షట్టర్ సందులోంచి వాటి అంచుల మీద పడేది. ఆయన దస్తీ మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. ఒక సాయంత్రం దస్తీ లేకుండానే చౌరస్తాలోని ఇరానీ హోటల్‌కు వెళ్ళి చాయ్ తాగి వచ్చాడు. నేను అత్తను గట్టిగా గిల్లాను. "నొస్తున్నదే" అంది కళ్ళు తుడుచుకుంటూ.

తొలి డబ్బా కప్పులు ఇవ్వడానికి ఇద్దరం ఆటోలో వెళ్ళాం. పంజాగుట్టలో ఫ్లైఓవర్ పనులు జరుగుతున్నాయి, దారి పొడవునా దుమ్ము, గుంతలు. ఆయన డబ్బాను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు. ఎక్కడ కుదుపు వచ్చినా ఆటో అబ్బాయిని, "అన్నా, మెల్లగ" అని బతిమాలాడు.

రత్నమాలగారు హాల్లో కూర్చోబెట్టి, టీ తనే తెచ్చి ఇచ్చారు. ఆయన సాసరును కొంచెం తిప్పుకుని, ఎడమచేత్తో కప్పు ఎత్తుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఎదురుగా వాలుకుర్చీలో రత్నమాలగారి అత్తగారు స్వరాజ్యంగారు కూర్చుని ఉన్నారు. నలగని తెల్ల చీర, మెత్తటి మాట. ఆ ఇంట్లో పెళ్ళిపిలుపుల దగ్గర్నుంచి పానకపు బిందెల దాకా ఆవిడ చెప్పిందే పద్ధతి అని తెలుస్తూనే ఉంది.

హైందవి డబ్బా విప్పి, "అబ్బ! అమ్మా, చూడు!" అని గంతేసింది. ఒక కప్పు తీసి, పేర్లు కనబడేలా నానమ్మ ముందు బల్ల మీద పెట్టింది. పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని పేర్లు రెండూ పైకి చదివారు. "ఎంత ముచ్చటగా ఉందే" అన్నారు. ఎత్తబోయి కుడిచెయ్యి చాపారు. ఆ వేళ్ళకు పిడి తగల్లేదు. కప్పు ఒంటిని అలా తడిమి, ఆగిపోయాయి.

"ఇదేంటే, పిడి ఇటుంది?"

"ఇలా తిప్పుకుంటే సరి నానమ్మా" అని హైందవి కప్పును తిప్పింది.

"అప్పుడు మీ పేర్లు అవతలికి పోయాయిగా. పేర్లకు వీపు పెట్టి ఎలా ఇస్తాం?" ఆవిడ మళ్ళీ తిప్పి, కప్పును ముందులాగే పెట్టారు. "బొట్టు పెట్టి చేతికిచ్చే పిలుపు కదమ్మా. ఎడంచేత్తో పుచ్చుకోండి అంటామా ఎవరినన్నా? మొదటి ఇంట్లోనే మాట పడతాం."

పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పినట్టే చెప్పారు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నేను కప్పు వంక చూశాను. అన్నాళ్ళు నా చేతులతో అచ్చు వేసి, మడిచి, వరసలు పేర్చిన కప్పు అది. పిడి ఎడమవైపు ఉందని అప్పుడే చూశాను.

తర్వాత ఎవరు ముందు చూశారో తెలియదు గానీ, అందరి చూపులూ ఆయన చేతి మీదికి వెళ్ళాయి. పింగాణీ కప్పు ఎడమచేతిలో, నోటిదాకా వచ్చి ఆగి ఉంది. ఆయన దాన్ని మెల్లగా సాసరులో దించాడు.

"డై ఉల్టా పడ్డదండీ. పొరపాటైంది" అన్నాడు.

డై ఉల్టా పడలేదు. గీసింది గీసినట్టే తెగింది. ఆయన గీసుకున్నది తను తాగే కప్పు. ఇంట్లో నాలుగు నెలలుగా నేను ఆయనకు అందిస్తున్న కప్పు. మా ఇంటికి కప్పంటే అదే అయిపోయింది, అందుకే మాకెవరికీ కనబడలేదు.

"అయ్యో బాబూ, నేను నీ చెయ్యి చూడలేదు నాయనా" అన్నారు స్వరాజ్యంగారు. ఆవిడ నిజంగానే బాధపడ్డారు. ఆ మాట అనకపోతే బాగుండేది. "టీ తాగు నాయనా, చల్లారిపోతుంది."

"పిలుపులు ఒక వారం ఆపుకుంటాం లెండి. పిడి మార్చి ఇవ్వగలరా?" అన్నారు రత్నమాలగారు గబగబా.

"ఇస్తమండీ" అన్నాను నేను, ఎప్పటిలాగే ముందుగా. ఆయన ఆ టీ మళ్ళీ ముట్టుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఉంది. డబ్బా వాపసు రావడం చూసి ఒక కప్పు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఏమైందట? మంచిగనే ఉన్నది గదనే. మనింట్ల కప్పు తీర్గనే ఉన్నది" అంది.

లోపల కుండలో నీళ్ళు ముంచుకుంటున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. అత్త పాపం మంచిమాటే అన్నాననుకుంది. నేను ఆమె చేతిలోంచి కప్పు గుంజుకుని డబ్బాలో పడేశాను.

మర్నాడు పొద్దున ఆయన మళ్ళీ పెన్సిల్ పట్టుకున్నాడు. పిడి దూర్చే సందులు కుడివైపుకు జరిపితే అయిపోయే పని. గీశాడు. మడిచి నిలబెట్టాడు. చాలాసేపు చూసి నలిపేశాడు. ఇంకొకటి గీశాడు. దాన్నీ నలిపేశాడు.

"సక్కగనే వచ్చింది గద, ఎందుకు నలిపినవ్?" అన్నాను.

"అది సక్కగున్నదా?"

"ఉన్నది."

"నాకు ఉల్టా కొడుతున్నది మంజూ. కుడి ఎటో లెక్కకు తెలుస్తది. కంటికే తెలుస్తలేదు."

"నేను చెప్త. నువ్వు గీయి."

"ఎన్నిటికని చెప్తవ్? డబ్బా మూత ఎటు తెరవాల్నో, కవరు ఎటు మడవాల్నో, కార్డు ఏ దిక్కు విప్పాల్నో? ఇగ నేను గీసేదంతా గిట్లనే ఉంటది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఆ పెద్దావిడ మీద కాదు, ఆమె తప్పేముంది? నేనూ ఎవరి చేతికైనా ఎడమచేత్తో ఏదీ ఇవ్వను, ఇస్తే పుచ్చుకోను. "ఎడమ పిడి కప్పు పట్టనోడు పట్టకపోతే పీడ పాయె! గీయి, చెప్తున్న గద!" అని అరిచాను. ఆయన పెన్సిల్‌ను బల్ల మీద, దొర్లిపోకుండా, గోడ వారగా జాగ్రత్తగా పెట్టాడు. లేచి, మేకుకున్న దస్తీ తీసి చేతికి చుట్టుకున్నాడు.

రత్నమాలగారికి తనే ఫోన్ చేసి, మావల్ల కాదండీ, ఏమనుకోకండి అన్నాడు. వాళ్ళు లక్డీకాపూల్‌లో మామూలు కార్డులు చేయించుకున్నారట. హైందవి పెళ్ళికి మమ్మల్ని బొట్టు పెట్టి పిలవడానికి వచ్చింది కూడా, మంచిపిల్ల. మేం వెళ్ళలేదు. బాలానగర్ వైపు నుంచి మిషన్ కొనేవాణ్ణి కూడా ఆయనే పిలిపించాడు.

టెంపో వచ్చిన రోజు ఎండ మాడిపోతోంది. మిషన్‌ను తాళ్ళు కట్టి, కింద గొట్టాలు పెట్టి దొర్లిస్తున్నారు. ఎన్నాళ్ళుగానో దాన్ని అమ్మమని తల తిన్న అత్త సంతోషపడుతుందనుకున్నాను. ఆమె లోపలి నుంచి పసుపు కుంకుమ గిన్నె తెచ్చి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అవ్వా, జరుగు" అన్నాడు ఆయన.

"పోయేదాన్ని ఉత్తగ పంపుతరా? ఇన్నేండ్లు అన్నం పెట్టింది గద" అని ఆ ఇనుముకు బొట్టు పెట్టింది. పెట్టి, దాని మీద చెయ్యి వేసి ఏడ్చింది. ఆయన ఏడవలేదు. కూలీలకు ఎటు తిప్పాలో చెబుతూ, టెంపో సందు మలుపు తిరిగేదాకా ఎండలో నిలబడ్డాడు.

కాగితం కప్పులను హాస్టల్ పిల్లలు పెన్నులు పెట్టుకోవడానికి పట్టుకుపోయారు. ముందుగదిలో ఇప్పుడు ఎవరో జిరాక్స్ షాపు పెట్టుకున్నారు. ఆయన సోమాజిగూడలో ఒక ఆఫీసు లిఫ్టులో బటన్లు నొక్కుతాడు. బటన్లకు కుడీ ఎడమా లేదంటాడు. అడిగితే బాగానే ఉందంటాడు.

మిషన్ పోయిన ఆ సాయంత్రం షాపు గది నేల మీద దాని కాళ్ళ గుర్తులు నాలుగు నల్లగా మిగిలాయి. వాటి పక్కనే చాప వేసుకుని కూర్చున్నాడు ఆయన. మరిగించడానికి షీట్లు లేవు కనుక, చాలారోజులకు ఇంట్లో తాగడానికి సరిపడా చాయ్ చేశాను. అలవాటుగా పిడి ఎడమవైపుకు తిప్పి ఆయన ముందు పెట్టాను.

 ఆయన చేతికున్న దస్తీ విప్పాడు. కప్పును పట్టుకుని, పిడిని కుడివైపుకు తిప్పాడు. మిగిలిన ఆ ఒక్క బొటనవేలు పిడిలో దూర్చి, చేతి మొండి ఆనించి, ఎత్తాడు. కప్పు వణికింది. వేడి చాయ్ అంచుదాకా వచ్చింది. నాకు తెలియకుండానే నా చెయ్యి కప్పు కిందికి పోయింది.

ఆయన నా వైపు చూడలేదు. కప్పును అలాగే గాల్లో పట్టుకుని ఆగాడు.

"తీసినవా?" అన్నాడు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తల ఊపితే నడవదు.

"తీసిన" అన్నాను.